లోపల ఎవరూ లేరన్న మాట

ఆర్మూరు పసుపు మార్కెట్‌లో ఒక గోదాము గురించి రెండు కథలు తిరుగుతున్నాయి. విషవాయువు పెట్టిన ఆ గోదాములో ఒక హమాలీ ఊపిరాడక చనిపోయాడని, అధికారులు ఆ సంగతి కప్పిపెట్టారని ఒకటి. నేను తలుపు పగలగొట్టి అతన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చానని ఇంకొకటి. మొదటి కథ నన్ను దోషిని చేస్తుంది, రెండోది వీరుణ్ని చేస్తుంది. ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నవాణ్ని కాబట్టి రెండూ తప్పని చెప్పగలను.

నేను స్వయంగా చూసిందీ విన్నదీ ఇంతే. గోదాము తలుపు తెరిచే ఉంది, ఎవరూ పగలగొట్టలేదు. మందు డబ్బాల మూతలు తీసే సమయానికి లోపల ఒక మనిషి ఉన్నాడు. అంతకు కొద్దిసేపటి ముందే హాజరు పిలిచారు. అతని పేరు పిలిచినప్పుడు “ఉన్న” అని జవాబు వచ్చింది. ఆ జవాబు నా చెవులతో విన్నాను. లోపలి మనిషి ఊపిరి చప్పుడు నాకు బయటినుంచే వినబడిందనీ, ఆ గోదాములో అంతకుముందే ఒకరు పోయారనీ జనం కలిపే మాటలకు నాకెక్కడా ఆధారం దొరకలేదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఆ కథలు విని నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ధైర్యం గురించి అడుగుతున్నారు. అక్కడ నేర్చుకోవలసింది ధైర్యం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

పని ఏమిటంటే

ఉడికి, ఎండి, పాలిషు పట్టాక పసుపు కొమ్ము రాయిలా ఉంటుంది. అయినా దానికి పురుగు పడుతుంది. ఆవగింజంత గోధుమరంగు పురుగు కొమ్మును లోపలినుంచి తొలుస్తుంది. పైకి కొమ్ము బాగానే కనబడుతుంది, విరిస్తే పిండి రాలుతుంది. ధర కోసం సరుకు ఆపుకున్న రైతుకు వానాకాలం వచ్చేసరికి సగం పంట పుచ్చిపోయే ప్రమాదం ఉండేది.

నా పని ఆ పురుగును కనిపెట్టి మందు పెట్టించడం. గోదాము కిటికీలు, గాలి రంధ్రాలు అన్నీ కాగితంతో, మట్టి ముద్దతో మూసేస్తాం. బస్తాల దొంతరల మధ్య తట్టల్లో మందు బిళ్లలు పెడతాం. గాలిలోని తేమ తగిలితే ఆ బిళ్లలు వాయువును వదులుతాయి. బయటికి వచ్చి తలుపు మూసి, సందులకు మట్టి మెత్తి, కొన్నాళ్లు ఎవరినీ దగ్గరికి రానివ్వం. ఆ వాయువుకు పురుగైనా మనిషైనా ఒకటే.

మాది ముప్కాల్ దగ్గర వ్యవసాయ కుటుంబం. నేను జంతుశాస్త్రం చదివాను. పురుగుల గురించి తెలిసినవాడు కావాలని నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. మనుషుల గురించి నాకేం తెలుసో ఎవరూ అడగలేదు. చేరాక చూస్తే, పురుగులతో పని వారానికి ఒకపూట, మనుషులతో రోజంతా.

భయం లేని అధికారి

నేను చేరినప్పటి పెద్దసారు మాస్కు పెట్టుకునేవారు కారు. గడువు తీరి గోదాము తెరిచినప్పుడు అందరికంటే ముందు ఆయనే లోపలికి నడిచేవారు. గట్టిగా గాలి పీల్చి, “ఏం లేదు, రండి. ముక్కుంది గదా మనకు,” అనేవారు. హమాలీలకు ఆయనంటే గొప్ప గౌరవం. నాకూ కొంతకాలం ఉండింది.

మందు పెట్టే పనివాడు మొయిన్. ఆ విద్యలో మా అందరికంటే నేర్పరి. తెరిచిన రోజుల్లో అతను లారీల వెనక్కి వెళ్లి వాంతి చేసుకోవడం చూశాను. అడిగితే బస్టాండు దగ్గర బజ్జీలు తిన్నానన్నాడు. మరోసారి అడిగితే మళ్లీ బజ్జీలే.

“గోదాము తెరిచిన దినమే ఎందుకు తింటవ్ మొయిన్ గా బజ్జీలు?” అన్నాను.

నవ్వబోయి ఆగిపోయాడు. “ఏం జేయాలె సార్. పెద్దసారు మాస్కు పెట్టడు. నేను పెడితే పిరికోడంటరు. ఇంట్ల చెప్పలే, మీకు చెప్పిన.”

ముక్కు ఆ వాసనకు అలవాటుపడితే వాసన ఆగుతుంది, వాయువు ఆగదు. వాసన లేదు కనుక వాయువు లేదన్న మాట ఎవరూ పరీక్షించని మాట. పెద్దసారుకు ఆ సంగతి మర్యాదగా చెప్పాను. ఆయన నా భుజం తట్టి పుస్తకాలు తక్కువ చదవమన్నారు.

తరువాతిసారి తెరిచేటప్పుడు అందరి ముందూ మాస్కు తగిలించుకుని, “నాకు భయమైతుంది. నేను పెట్టుకునే పోత,” అన్నాను. వెనకనుంచి ఎవరో, “సార్‌కు పెండ్లాం పిల్లలున్నరు, మరి మొయిన్ రోడ్డు మీద దొరికిండా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే మొయిన్ రెండో మాస్కు తీసుకున్నాడు.

పెద్దసారు గురించి నా అభిప్రాయం దాచను. ఆయన దయగలవారు, తన కింద పనిచేసేవారిని ఒక్క చెడ్డమాట అనలేదు. అయినా ఆయన ధైర్యం వల్ల ఆ చోట భయమనే మాట పైకి చెప్పుకునే వీలు లేకుండా పోయింది. ప్రమాదం ఉన్న పనిలో నాయకుడు చేయగలిగిన కీడుల్లో ఇదొకటని నేను అనుకుంటాను.

ఒకే పిలుపు, రెండు పనులు

పెద్దసారు బదిలీ అయ్యాక ప్రభాకర్ గారు మేనేజరుగా వచ్చారు. ఆయన ఊరు కోస్తాలో. లెక్క తప్పని మనిషి. ఆయన పెట్టిన నియమం ఏమిటంటే, పనికి రాని హమాలీకి ఆ రోజు వాటా ఉండదు, తరచుగా రాకపోతే గుంపులోంచి పేరు తీసేస్తారు.

మా హమాలీలు ఒక గుంపుగా పనిచేసేవారు. ఎత్తిన బస్తాలకు వచ్చే కూలి అందరూ సమంగా పంచుకునేవారు. గుంపుకు పెద్ద, అంటే ముకద్దం, గంగారాం. అతని మాట దాటి ఎవరూ అధికారులతో మాట్లాడేవారు కారు. ప్రభాకర్ గారి నియమం వచ్చిన కొత్తలోనే గుంపు దానికి విరుగుడు కనిపెట్టింది. జ్వరమో, పెళ్లో, చావో వచ్చి ఒకడు రాలేకపోతే, అతని పేరు పిలిచినప్పుడు పక్కవాడు “ఉన్న” అని పలికేవాడు. మిగతావాళ్లు అతని బస్తాలు కూడా మోసేవారు. పనిలో లోటు వచ్చేది కాదు. ఇంట్లో పడుకున్నవాడి పొయ్యి ఆరేది కాదు.

ఇదంతా నాకు తరువాత తెలిసింది. దీన్ని మోసమనేముందు ఒక విషయం చూడాలి. రోగంతో ఉన్నవాడి బరువు మిగతావాళ్లు ఇష్టంగా పంచుకున్నారు. పై అధికారులెవరూ చెప్పకుండానే చేశారు. మనుషుల్ని కలిపి ఉంచడం ఎలాగో చెప్పే పాఠాలు నేను తరువాత చాలా విన్నాను. ఆ గుంపుకు వాటి అవసరం లేదు.

చిక్కు ఇంకొక చోట ఉంది. మందు పెట్టేముందు లోపల ఎవరూ లేరని తేల్చుకోవడానికి మేం వాడింది కూడా అదే హాజరు. కూలి కోసం పిలిచే పిలుపూ ప్రాణం కోసం పిలిచే పిలుపూ ఒకటే అయింది. కూలి పిలుపులో అబద్ధానికి బలమైన కారణం ఉంది. ఆ కారణం రెండో పిలుపులోకి వచ్చేసరికి మాయమవుతుందని మేం ఎవరమూ అనుకోవలసింది కాదు. అసలు ఆలోచించనే లేదు.

ఆ మధ్యాహ్నం

ఎనభైల చివరి సంవత్సరాల్లో, తొలకరి పడిన వారం. ఒక గోదాము నిండా పురుగు లేచింది. పక్క గోదాము గోడ మీద కూడా కనబడింది. సరుకు తాలూకు వ్యాపారులు ప్రభాకర్ గారిని నిలబడనివ్వడం లేదు. ఆ రోజే మందు పెట్టాలన్నారు.

పొద్దున హమాలీలు బస్తాలు జరిపి దొంతరల మధ్య దారులు తీస్తున్నారు. సాయిలు అనే సన్నపాటి మనిషి ఎండలో నిలబడి వణుకుతున్నాడు. ఆలూర్ నుంచి వచ్చేవాడు.

“చలిజరమా సాయిలూ?”

“గంతే సార్. జర సేపుంటది, పోతది.”

“దవాఖానకు పో. ఇయ్యాల పని జేయకు.”

“పోత సార్,” అన్నాడు. నేను నా పని మీద వెళ్లిపోయాను.

మధ్యాహ్నానికి కిటికీలన్నీ మూశారు. గంగారాం తలుపు దగ్గర నిలబడి, “లోపట ఎవలన్న ఉన్నరా?” అని గట్టిగా అరిచాడు. అతని గొంతే తిరిగి వచ్చింది. వరండాలో ప్రభాకర్ గారు హాజరు పిలిచారు. బస్తాలు మోసి అలిసినవాళ్లు ఒకరు పడుకుని, ఒకరు ముఖం కడుక్కుంటూ, ఒకరు రుమాలు దులుపుకుంటూ, తలెత్తకుండానే పలికారు. సాయిలు పేరుకు కూడా “ఉన్న” అని వచ్చింది. మొయిన్, అతని జోడీగాడు మాస్కులు పెట్టుకుని, మూతలు తీసిన డబ్బాలతో లోపలికి వెళ్లారు. చివరి దొంతర నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వస్తారు. నేను మట్టి ముద్ద పక్కన నిలబడ్డాను.

అప్పుడు నాకు తట్టింది దివ్యదృష్టి కాదు, చాలా మామూలు సంగతి. పొద్దున ఒక మనిషి దవాఖానకు పోతానన్నాడు. ఇప్పుడు అదే మనిషి ఇక్కడ ఉన్నానంటున్నాడు. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

“గంగారాం, సాయిలు ఏడి?”

“ఈడ్నే ఉన్నడు సార్.”

“ఈడ అంటే యాడ?”

“నీళ్లకు పోయినట్టున్నడు.”

ప్రభాకర్ గారు చేతి గడియారం చూసుకున్నారు. “ఏంటండీ ఈ ఆలస్యం? నేను పిలిచాను, వాడు పలికాడు. మీరూ విన్నారుగా. తలుపు మూయించండి.”

“ముఖం చూసినంక మూయిస్త సార్,” అని, పక్కనున్న ఇనుప కొక్కెంతో తలుపు మీద గట్టిగా కొట్టాను. బయటికి రమ్మని మొయిన్‌కు అది గుర్తు. కొద్దిసేపటికి వచ్చి మాస్కు పైకి తోశాడు.

“సగం పెట్టినం సార్. ఏమైంది?”

“లోపట ఎవరన్న కనబడ్డరా?”

“లే. గని గా చీకట్ల, గీ అద్దాలల్ల నుంచి ఏం కనబడ్తది? నా కాళ్లే కనబడవు.”

మూత తీశాక కొంతసేపటి దాకా బిళ్లలనుంచి వాయువు పెద్దగా రాదని పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం పొడిగాలి గురించి రాసింది. ఆ రోజు గాలి తడిబట్టలా ఉంది.

ప్రభాకర్ గారికి సంగతి అర్థమైంది. ఆయన గొంతు పెరిగింది. “దొంగ హాజరా? ఎవడు పలికాడు? ఇప్పుడే చెప్పండి. చెప్పకపోతే రేపటినుంచి గుంపు మొత్తాన్ని గేటు లోపలికి రానివ్వను!”

వరండాలో అందరూ లేచి కూర్చున్నారు. ఎవరూ నోరు తెరవలేదు. గేటు మూసుకుంటే ఆ సీజను పోయినట్టే. ఆ బెదిరింపు వల్ల, లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నది చెప్పడం కంటే చెప్పకపోవడమే వాళ్లకు తెలివైన పని అయింది. లోపల బిళ్లలకు తేమ తగులుతోంది.

“సార్, జర మీరు ఆగుండ్రి,” అన్నాను. ఆయనతో నేను ఆ విధంగా మాట్లాడింది అంతకుముందు లేదు. గుంపు వైపు తిరిగాను. “ఎవరు పలికిన్రో నేనడగ. ఇయ్యాల అడగ, ఎన్నడూ అడగ. సాయిలు మీ కండ్ల ముందర ఉన్నడా, లేడా? గదొక్కటి చెప్పుండ్రి.”

గంగారాం లేచి నిలబడ్డాడు. తలకు చుట్టిన రుమాలు తీశాడు.

“లేడు సార్. పొద్దుగాలనే ఇంటికి వోయిండు. జరమొచ్చింది. ఆలూర్‌కు వోయిండు.”

వరండా అంతా ఊపిరి వదిలింది. ప్రభాకర్ గారు కూడా చెమట తుడుచుకున్నారు. “అదీ సంగతి. ఇంటికెళ్లాడు. ఇక మూయండి.”

ఆ రోజు మొత్తం మీద నాకు ఇప్పటికీ భయం వేసేది ఈ క్షణం తలుచుకుంటేనే. ఒక అబద్ధం బయటపడగానే దాని వెనక వచ్చిన మాట నిజమని అందరం అనుకున్నాం. నేనూ మట్టి ముద్ద వైపు వంగాను. వంగి, మళ్లీ లేచాను.

“వోతుంటె ఎవరు చూసిన్రు?”

“మల్లేశ్ చూసిండు,” అన్నాడు గంగారాం.

మల్లేశ్ ఉలిక్కిపడ్డాడు. “నేనేడ చూసిన అన్నా? నీకు చెప్పి వోయిండనుకున్న!”

“నాకు చెప్పలే. నీతోని జెప్పిండనుకున్న.”

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ ఇంకొకడు చూశాడనుకున్నాడు. చూసినవాడు లేడు.

గోదాములో రాలిన పసుపు ఊడ్చే రాజవ్వ తలుపు పక్కన చీపురు పట్టుకుని కూర్చుని ఉంది. “మరి గీ చెప్పులు ఎవలయి?” అంది.

బస్తాల మీద చెప్పులతో ఎక్కకూడదని హమాలీలు వాటిని తలుపు బయట వదులుతారు. పని అయిపోగానే అందరూ ఎవరివి వాళ్లు తొడుక్కున్నారు. మెట్టు పక్కన ఒక జత మిగిలింది. ఒకదాని పట్టీ తెగితే సుతిలితో కట్టి ఉంది.

గంగారాం వాటిని చూసి ఒక్క ఉరుకు తలుపు వైపు ఉరికాడు. వెనకే ఇంకో నలుగురు. మాస్కులు మూడే ఉన్నాయి. నేను రెండు చేతులూ చాచి తలుపుకు అడ్డం నిలబడ్డాను.

“మావోడు సార్ లోపట! జరుగుండ్రి!”

“మీరు వోతె అందర్ని మోసుకరావాలె! కిటికీలు! బయటికెల్లి కాగితాలు చింపుండ్రి, అన్ని చింపుండ్రి!”

గంగారాం ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టాను. మనిషిని అంత మోటుగా నెట్టడం నా ఉద్యోగంలో అదొక్కసారే. ఒక్క క్షణం నన్ను కొడతాడనుకున్నాను. అతను వెనక్కి తిరిగి, “కిటికీలు రా!” అని అరిచాడు. అందరూ గోడ చుట్టూ పరుగెత్తారు. ఊరికే నిలబడమంటే నిలబడేవాళ్లు కారు. చేతికి పని దొరికింది కనుక వెళ్లారు.

మొయిన్, అతని జోడీగాడు, నేను లోపలికి వెళ్లాం. జోడీగాడు దారిలోని తట్టలు ఏరి బయటికి చేరవేయడం మొదలుపెట్టాడు. మాస్కు అద్దం మీద ఆవిరి పట్టింది. పసుపు దుమ్ములో టార్చి వెలుగు ఒక మూర దాటడం లేదు. పిలిస్తే మాస్కులోంచి మాట బయటికి రాదు. చేతులతో తడుముకుంటూ వెళ్లాం. వెనక గోడకూ చివరి దొంతరకూ మధ్య మనిషి అడ్డంగా నడిచేంత సందు ఉంది. అక్కడ ఖాళీ గోనె సంచుల కుప్ప. ఎత్తి చూశాను. గోనెలే. దాని అవతల ఇంకో కుప్ప. ఎత్తాను. పాదం తగిలింది.

సాయిలు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. చలికి వెచ్చగా ఉంటుందని అక్కడికి చేరి, గోనెలు కప్పుకున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. కుదిపితే సగం కళ్లు తెరిచి ఏదో గొణిగాడు. తోటివాడు పనికి లేపుతున్నాడనుకున్నట్టుంది. “జర ఆగురా, వొస్తున్న,” అన్నాడని మొయిన్ చెప్పాడు. నాకు వినబడలేదు. మందు తట్ట ఒకటి అతని తలకు నాలుగడుగుల దూరంలో, దొంతర మూలన ఉంది.

మొయిన్ అతన్ని బస్తాలా వీపు మీదికి ఎత్తుకున్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. మోసింది మొయిన్. ఈ మాట రాసి ఉంచడం నాకు అవసరం.

చివరి మూల దాటుతుండగా పైన ఒక కిటికీ కాగితం చిరిగి వెలుతురు పడింది. అందులోంచి గంగారాం ముఖం కనబడింది. “ఉన్నడా?” అని అరిచాడు. జవాబు చెప్పడానికి మాస్కు అడ్డం. చేయెత్తి ఊపాను.

బయట వేప నీడలో పడుకోబెట్టి నీళ్లు చల్లారు. సాయిలు వాంతి చేసుకుని, చుట్టూ చూసి, “ఏందిరా గింతమంది?” అన్నాడు. గంగారాం అతని చెంప మీద ఒక్కటి కొట్టాడు. వెంటనే అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. ఒక వ్యాపారి జీపులో దవాఖానకు పంపించాం. డాక్టరు మలేరియా అన్నాడు. తరువాత కొన్నాళ్లు సాయిలుకు తలనొప్పి ఉండేది. అది జ్వరం వల్లనో వాయువు వల్లనో డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను.

మరుసటి పొద్దున

గుంపు గేటు బయట కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. ప్రభాకర్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

“పలికినవాడి పేరు కావాలి. పైవాళ్లు అడుగుతారు.”

“నాకు తెల్వదు సార్.”

“తెలుసుకోండి. మీరు సైన్సు చదివినవారు. నిజం తేల్చకుండా వదిలేస్తారా?”

ఆ మాట గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. “నిన్న మనకు కావలసిన నిజం దొరికింది సార్. ఈ పేరు అడుగుతనని నిన్న అనుంటె అది దొరికేది కాదు,” అన్నాను.

ప్రభాకర్ గారిని నేను చెడ్డవారని అనను. ముందురోజు ఆయన అరిచింది కోపంతో కాదు, భయంతో. ఆ సాయంత్రం ఆయనే ఆ తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని దవాఖానకు వెళ్లి సాయిలు మంచం దగ్గర పెట్టి వచ్చారని తరువాత రాజవ్వ చెప్పింది. నేను చూడలేదు. ఆయన్ని అడిగితే మాట మార్చారు.

మూడో రోజు ఆయనే గేటు దగ్గరికి వెళ్లి, రాని మనిషి వాటా గుంపు ఇష్టమని, అందులో ఆఫీసు జోక్యం ఉండదని చెప్పారు. గుంపు లేచి లోపలికి వచ్చింది.

అప్పటినుంచి మందు పెట్టేముందు వేరే పిలుపు. కూలితో దానికి సంబంధం లేదు. అందరూ తలుపుకు దూరంగా చెప్పులు తొడుక్కుని నిలబడాలి. పేరు పిలిస్తే “ఉన్న” అనాలి, మొయిన్ వెళ్లి ఆ మనిషి భుజం తాకాలి. రాని మనిషి పేరు వస్తే గుంపంతా కలిసి “రాలే” అనాలి.

మొదటిసారి పిలుపు అయ్యాక రాజవ్వ చీపురు కింద పెట్టింది.

“మరి మా పేర్లు పిల్వరా?”

“నువ్వు హమాలీవి కావు గదవ్వా,” అన్నాడు గంగారాం.

“అయితే గ్యాసు నన్ను ఇడిసిపెడ్తదా? నువ్వు హమాలీవా, ఊడ్చేదానివా అని అడిగి వొస్తదా?”

“నువ్వు లోపటుంటె పురుగులే బయటికి ఉరుకుతయి. మందే అక్కెర లేదు.”

“ఉరుకుతయి బిడ్డా, నిన్ను చూసి గూడ ఉరుకుతయి. పేరు పిలువు.”

నవ్వులు ఆగాక పిలుపులో రాజవ్వ పేరు చేరింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఊడ్చే ఆడవాళ్లు, లారీ క్లీనరు, చాయ తెచ్చే మనిషి కూడా చేరారు. అన్నేళ్లుగా వాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు. మా హాజరులో వాళ్లు ఎన్నడూ లేరు. సాయిలు బదులు ఆ గోనెల కింద రాజవ్వ పడుకుని ఉంటే, ఆమె పేరుకు అబద్ధపు జవాబు కూడా వచ్చేది కాదు.

తరగతిలో విన్నది

తొంభైలలో నన్ను పట్నంలో ఒక శిక్షణకు పంపారు. కింది ఉద్యోగుల మనసు తెలుసుకోవాలని, మనసు విప్పి మాట్లాడే వాతావరణం కల్పించాలని, అందరినీ కలుపుకోవాలని చెప్పారు. మాటలన్నీ బాగున్నాయి. తెలుసుకున్నామన్నదానికి రుజువేమిటని అడిగాను. పాఠం చెప్పేవారు నవ్వి, అది అనుభవంలో తెలుస్తుందన్నారు.

నాకు తెలిసిన కొలత ఒకటే. చెడ్డ వార్త నా దగ్గరికి ఎంత త్వరగా వస్తుంది, ఎవరు తెస్తారు? సాయిలు సంగతి తరువాత ఒకరోజు మల్లేశ్ నా గదికి వచ్చి, “సార్, నిచ్చెన మెట్టు ఇరిగింది. నేనే ఇరగ్గొట్టిన. ఎవలు ఎక్కొద్దని చెప్పుండ్రి,” అని వెళ్లిపోయాడు. అంతకుముందు అలాంటి మాట చెప్పడానికి నా గది గడప ఎవరూ తొక్కలేదు. మొయిన్‌కు ఒకసారి తల తిరిగితే లారీ వెనక్కి వెళ్లలేదు, నేరుగా వచ్చి కూర్చున్నాడు.

ఇది నేనిచ్చిన మాట వల్ల జరిగిందని చెప్పాలని నాకూ ఉంటుంది. చెప్పలేను. ఆ వారంలోనే ప్రభాకర్ గారి నియమం పోయింది, కొత్త పిలుపు వచ్చింది, అందరికీ ప్రాణభయం తగిలింది. అన్నీ ఒక్కసారే మారినప్పుడు ఏది దేనికి కారణమో విడదీయలేం. నా మాట మాత్రమే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంతవరకు మాత్రం అనగలను. మనిషి ఎదుట ఉన్నాడని ముఖం చూసి చెప్పండి, గొంతు విని కాదు. “పోయిండు” అంటే “ఎవరు చూసిన్రు” అని అడగండి. మీకు భయమైతే పైకి చెప్పండి. శిక్ష వేసేముందు, ఆ శిక్ష తప్పించుకోవడానికి మనుషులు ఏ అబద్ధం కనిపెడతారో, అది ఏ రోజు ఎవరి మీద పడుతుందో ఆలోచించండి.

తేలనిది

ఆర్మూరు నుంచి నేను వెళ్లిపోయే రోజు గుంపు వరండాలో చాయ పోసింది. గంగారాం ముసలివాడయ్యాడు. బస్తాలు ఎత్తడం మానేసి పిలుపు పిలవడానికి మాత్రం వస్తున్నాడు. కొత్తగా వచ్చిన అధికారి పక్కనే నిలబడి వింటున్నాడు.

“సార్,” అన్నాడు గంగారాం, “గా దినం సాయిలు పేరుకు ఎవలు పలికిన్రో ఇప్పుడన్న చెప్పాల్నా? పోతున్నరు గద.”

సాయిలు కప్పు కింద పెట్టాడు. “నాకే తెల్వది సార్. అడిగితె గంగారామన్న కొడ్తనన్నడు.”

నాకు తెలుసుకోవాలని ఎంత ఉందో వాళ్లకు తెలియదు. విన్న ప్రతి మాటకూ ఆధారం అడుగుతూ బతికినవాణ్ని. జవాబు చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది.

“వద్దు గంగారాం.”

“పోయేటోళ్లకు చెప్తె ఏమైతది సార్?”

కొత్త అధికారిని చూపించాను. “ఈ సార్ గూడ ఏదో ఒక దినం మీకు గసొంటి మాట ఇయ్యాల్సి వస్తది. సార్ బదిలీ అయినంక ఆ మాట గూడ పోతదని మీకు తెలిస్తె, ఆ దినం ఎవరు నోరు తెరుస్తరు?”

గంగారాం తలూపి, పిలుపుకు లేచాడు. ఆ రోజు కూడా ఒక గోదాముకు మందు పెడుతున్నారు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే. ఆ మధ్యాహ్నం విన్న “ఉన్న” నా చెవిలో ఇంకా ఉంది. మళ్లీ వింటే గుర్తుపడతాననే భయం ఉండేది. అందుకే ఆ తరువాత అన్నేళ్లూ, పిలుపు మొదలైనప్పుడల్లా నేను లారీలు తూచే కాటా దాకా నడిచి, పేర్లు వినబడని దూరంలో నిలబడేవాణ్ని. ఆ సాయంత్రమూ చాయ కప్పు పట్టుకుని అక్కడికే వెళ్లాను. అంత దూరం ఒక్కడి గొంతు రాదు. ఎవరో పనికి రాలేదు కాబోలు, గుంపంతా కలిసి “రాలే” అన్న కేక మాత్రం వినబడింది.